పాత లాప్‌టాప్‌లో మొదటి మూడు సెకన్లు ఎవరివి? ఒడిశా సరిహద్దు ఊళ్ళలో కోర్‌బూట్ అవసరం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం లాంటి ఊళ్ళలో కొత్త లాప్‌టాప్ కొనేవాళ్ళకంటే సెకండ్ హ్యాండ్ కోసం వాకబు చేసేవాళ్ళు తక్కువేం కాదు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు కొన్నేళ్ళు వాడి గంపగుత్తగా వదిలించుకున్న థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు విశాఖ దుకాణాల మీదుగా ఇటు చేరతాయి. డిగ్రీ పిల్లలు, ట్యూషన్ మాస్టర్లు, ఒకే సిస్టమ్ మీద తెలుగు శుభలేఖ, ఒడియా కరపత్రం రెండూ కొట్టిచ్చే డీటీపీ షాపులవాళ్ళు వీటిని కొంటారు. వీటి మీద వారంటీ ఉండదు. కంపెనీ సర్వీస్ సెంటర్ చాలా ఊళ్ళలో ఉండదు. పాడైతే దిక్కు బజారులోని రిపేరు షాపే. ఇలాంటి మెషీన్‌లో పవర్ బటన్ నొక్కగానే మొదటి సెకన్లలో నడిచే కోడ్ బయోస్. దాని స్థానంలో పెట్టుకోగల, అందరూ చదవగలిగే కోడ్ కోర్‌బూట్. ఇక్కడ చెప్పబోయేది ఈ రెంటి గురించే.

ఆ షాపు బల్ల మీద పెన్‌డ్రైవ్ అంత ప్రోగ్రామర్ (చిప్‌లోకి కోడ్ రాసే పరికరం) ఒకటి, దానికి వేలాడే ఎనిమిది కాళ్ళ క్లిప్ ఒకటి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సీహెచ్341ఏ అని దాని పేరు. ఖరీదు కొన్ని వందల రూపాయలు. ‘పవర్ లైట్ వస్తోంది, డిస్‌ప్లే రావడం లేదు’ అంటూ వచ్చిన బోర్డులో బయోస్ చెడిందని అనుమానం వస్తే, రిపేరు అబ్బాయి ఆ క్లిప్‌ను చిప్‌కి తగిలించి, బోర్డు నంబరు పెట్టి ఇంటర్నెట్‌లో వెతికిన ‘బిన్ ఫైలు’ను అందులోకి రాసేస్తాడు. చాలాసార్లు మెషీన్ లేచి కూర్చుంటుంది. కస్టమరు సంతోషంగా వెళ్ళిపోతాడు.

ఆ ఫైలు ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం అక్కడ ఎవరూ వేయరు. అది ఎవరో ఒకరు తమ లాప్‌టాప్ నుంచి మొత్తంగా తీసి పెట్టిన కాపీ అయి ఉంటుంది. దానితో పాటు ఆ మనిషి మెషీన్ సీరియల్ నంబరు, యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య కూడా వస్తాయి. చాలా మోడళ్ళలో నెట్‌వర్క్ కార్డు మ్యాక్ చిరునామా (ఆ కార్డు గుర్తింపు సంఖ్య) కూడా అందులోనే ఉంటుంది. అసలు చిప్‌లో ఉన్న విండోస్ కీ పోతుంది. ఇదంతా సర్దుకోవచ్చు. కానీ ఆ ఫైల్లోకి ఎవరైనా ఇంకేదైనా చొప్పించి ఉంటే కనిపెట్టే మార్గం రిపేరు అబ్బాయికీ లేదు, కస్టమరుకీ లేదు. ఒడిశా సరిహద్దులోనే కాదు, దేశంలో ఏ చిన్న ఊరి రిపేరు షాపులోనైనా ఇదే తంతు.

కాబట్టి ‘బయోస్ మార్చడం సామాన్యుడికి ప్రమాదకరం’ అన్న మాట సగమే నిజం. బయోస్ మార్చే పని ఇక్కడ ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. ఊరూపేరూ లేని ఫైలుతో జరుగుతోంది. అదే చిప్‌లో, అదే క్లిప్‌తో, కోర్‌బూట్ లాంటి మూలం అందరూ చదవగలిగే కోడ్‌ను రాసే వీలున్నప్పుడు ఆ పని ఎందుకు చేయకూడదన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ చిప్‌లో ఏముందో తెలియాలి.

పవర్ బటన్ నొక్కిన క్షణంలో ప్రాసెసర్‌కి ర్యామ్ లేదు, డిస్క్ లేదు, స్క్రీన్ లేదు. 4 జీబీ చిరునామా హద్దుకు సరిగ్గా 16 బైట్లు ఇవతల ఉన్న చోటికి వెళ్ళి అక్కడున్న ఆజ్ఞను చదవడం ఒక్కటే దానికి తెలుసు. ఆ చోటు మదర్‌బోర్డు మీది ఎనిమిది కాళ్ళ ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. అక్కడి నుంచి మొదలయ్యే కోడే ఫర్మ్‌వేర్. దాన్నే అలవాటుగా బయోస్ అంటున్నాం. ఇప్పుడు వచ్చే మెషీన్లలో ఉన్నది నిజానికి దాని తర్వాత వచ్చిన యూఈఎఫ్ఐ. 2005లో యూఈఎఫ్ఐ ఫోరం ఏర్పడిన తర్వాత క్రమంగా అదే అన్ని కంపెనీలకూ ప్రమాణమైంది.

ఈ కోడ్ చేసే పనుల్లో అన్నిటికంటే కష్టమైనది ర్యామ్‌ను పనిలోకి తేవడం. సాకెట్లో ర్యామ్ పెట్టగానే అది పనిచేయదు. ఏ కంపెనీ ర్యామ్, ఎంత వేగం, బోర్డు మీద తీగల పొడవుకు సంకేతం ఎంత ఆలస్యంగా చేరుతుంది అన్నవి ప్రతిసారీ కొలిచి, సర్ది, పరీక్షించాలి. ఈ పని చేసే ప్రోగ్రాం తన లెక్కలు రాసుకోవడానికే ఇంకా ర్యామ్ లేదు. అందుకని ప్రాసెసర్‌లోపలి క్యాష్ అనే చిన్న మెమరీనే తాత్కాలికంగా ర్యామ్‌లా వాడుకుంటారు. ఇంటెల్ ఈ భాగం కోడ్‌ను కొత్త ప్రాసెసర్లకు మూసిన డబ్బాగానే ఇస్తుంది. దాని పేరు ఎఫ్ఎస్‌పీ. పాత శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లకు మాత్రం స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు చిప్ లోపలి సెట్టింగులుండే రిజిస్టర్లను ఒక్కొక్కటిగా గమనించి, ర్యామ్ సిద్ధం చేసే కోడ్‌ను తామే రాశారు. ఈ రంగంలో ఇంతకంటే ఓపికతో జరిగిన పని అరుదు. 2012 నాటి లాప్‌టాప్‌లకు ఈ రోజుకీ అంత విలువ ఉండటానికి ఒక ముఖ్య కారణం అదే.

కోర్‌బూట్ కథ 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ లేబొరేటరీలో మొదలైంది. వందల కంప్యూటర్లను కలిపి ఒక క్లస్టర్‌గా నడుపుతున్నప్పుడు ఒక్కొక్క మెషీన్ బయోస్ ‘కీబోర్డు కనపడలేదు, ఎఫ్1 నొక్కండి’ అని ఆగిపోతే, వందల మెషీన్ల దగ్గరికి మనిషి తిరగలేడు. రాన్ మిన్నిచ్ బృందం బయోస్‌ను తీసేసి నేరుగా లినక్స్‌ను చిప్‌లో పెట్టే ప్రయత్నం మొదలుపెట్టింది. దానికి లినక్స్‌బయోస్ అని పేరు. 2008లో పేరు కోర్‌బూట్‌గా మారింది, ఎందుకంటే అప్పటికి దాని పద్ధతి కూడా మారిపోయింది. కోర్‌బూట్ హార్డ్‌వేర్‌ను సిద్ధం చేసి అక్కడితో ఆగుతుంది. తర్వాతి పని ‘పేలోడ్’ అనే మరో ప్రోగ్రాంకు అప్పగిస్తుంది. పాత పద్ధతి బయోస్‌లా ప్రవర్తించే సీబయోస్‌ను పేలోడ్‌గా పెట్టవచ్చు, లినక్స్‌ను లేపే గ్రబ్ పెట్టవచ్చు, యూఈఎఫ్ఐ కావాలంటే ఈడీకే2 పెట్టవచ్చు. పేలోడ్‌ను విడదీయడం వల్లే కోర్‌బూట్ చిన్నదిగా, చదివి అర్థం చేసుకోగలిగేదిగా మిగిలింది.

కోర్‌బూట్‌ను సొంతంగా కంపైల్ చేసుకోవడం, అంటే మూలం కోడ్ నుంచి నడిచే ఫైలు తయారు చేసుకోవడం, కొత్తవాళ్ళకు కాస్త బరువే. ముందు దానికి కావలసిన కంపైలర్‌నే తయారు చేసుకోవాలి, పాత మెషీన్‌లో అది గంటలు పట్టవచ్చు. ఈ బరువు తగ్గించడానికి 2013లో లియా రో మొదలుపెట్టిన లిబ్రెబూట్ ఉంది. అది కోర్‌బూట్‌నే తీసుకుని, పరీక్షించి, మోడల్ వారీగా సిద్ధమైన ఫైళ్ళు ఇస్తుంది. మొదట్లో మూసిన కోడ్ ఒక్క బైటు కూడా ఒప్పుకోని నియమం ఉండేది. 2022లో ఆ నియమాన్ని సడలించి, తప్పనిసరైన చోట మాత్రమే అలాంటి ముక్కలను అనుమతించారు. దాంతో చాలా కొత్త మోడళ్ళు జాబితాలో చేరాయి. ఈ మార్పు మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాల్లో పెద్ద వాదమే నడిచింది. ఒడిశా సరిహద్దులో పాత మెషీన్ కొన్నవాడి వైపు నుంచి చూస్తే ఆ సడలింపు సరైనదే. 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200ను నూటికి నూరుపాళ్ళు స్వేచ్ఛగా నడపడం కంటే, 2012 నాటి ఎక్స్230ను తొంభై అయిదు పాళ్ళు స్వేచ్ఛగా నడపడం ఇక్కడ ఎక్కువమందికి పనికొస్తుంది.

ఎక్స్230నే దగ్గరగా చూద్దాం. చేతులు ఆనించే పామ్‌రెస్ట్ తీస్తే దాని కింద రెండు ఫ్లాష్ చిప్‌లు కనిపిస్తాయి. ఒకటి 8 ఎంబీ, ఇంకొకటి 4 ఎంబీ. రెండూ కలిపి ప్రాసెసర్‌కి ఒకే 12 ఎంబీ స్థలంగా కనిపిస్తాయి. ఏ భాగం ఎవరు రాయవచ్చో చెప్పే డిస్క్రిప్టర్ ముందు ఉంటుంది. తర్వాత నెట్‌వర్క్ కార్డు వివరాలు, ఆ తర్వాత ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజన్ (దీని సంగతి కింద చెబుతాను) కోసం 5 ఎంబీ, మిగతాది బయోస్. లెనోవో బయోస్ ఉన్నప్పుడు ఈ లాప్‌టాప్‌లో వైఫై కార్డు పాడైతే, బజారులో దొరికే వేరే కార్డు పెడితే ‘1802’ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. కార్డులో తప్పేమీ ఉండదు. కంపెనీ ఆమోదించిన జాబితాలో లేకపోవడమే దాని తప్పు. మన ఊళ్ళో దొరికే కార్డు వేసుకునే వీలు లేకుండా చేసే ఇలాంటి కట్టడి పెద్ద నగరంలో చిన్న ఇబ్బంది. విశాఖ నుంచి పార్సిల్ రావలసిన చోట అది మెషీన్‌ను మూలన పడేసే ఇబ్బంది. కోర్‌బూట్‌లో ఆ జాబితా ఉండదు. కార్డు పెడితే పనిచేస్తుంది.

మార్చే పద్ధతిలో తొందర పనికిరాదు. ముందు ఛార్జరు, మెయిన్ బ్యాటరీ, చిన్న సీమాస్ బ్యాటరీ అన్నీ తీసేయాలి. క్లిప్ తగిలించి ఫ్లాష్‌రోమ్ ప్రోగ్రాంతో చిప్‌లో ఉన్నది ఉన్నట్టు రెండుసార్లు చదివి రెండు ఫైళ్ళుగా దాచుకోవాలి. ఆ రెంటి చెక్‌సమ్ (ఫైల్లో ఉన్నదంతా లెక్కగట్టి తీసిన సంఖ్య) సరిపోలాలి. సరిపోలకపోతే క్లిప్ సరిగా పట్టలేదని అర్థం, అప్పుడు రాయడం మొదలుపెట్టకూడదు. ఈ రెండు కాపీలు పదిలంగా ఉన్నంత కాలం ఏ ప్రయోగం విఫలమైనా మెషీన్‌ను మళ్ళీ పాత స్థితికి తేవచ్చు. బిన్ ఫైళ్ళతో పనిచేసే షాపుల్లో సాధారణంగా తప్పిపోయే అడుగు ఇదే. కస్టమరు సొంత చిప్‌లోని అసలు కాపీని చదివి పెట్టుకోకుండానే పైన రాసేస్తారు.

ఇంకో జాగ్రత్త ప్రోగ్రామర్ గురించి. చౌకగా దొరికే నల్లరంగు సీహెచ్341ఏ బోర్డుల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. చిప్‌కి ఇచ్చే కరెంటు 3.3 వోల్టులే అయినా, డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి. పాత టీవీ బోర్డులు తట్టుకోవచ్చు, లాప్‌టాప్‌లో ప్రాసెసర్‌కు తోడుగా ఉండే చిప్‌సెట్‌కు అది హాని. దాని బదులు రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డు మంచిది. అదీ కొన్ని వందల్లోనే దొరుకుతుంది, 3.3 వోల్టుల మీదే పనిచేస్తుంది. లిబ్రెబూట్ వాళ్ళు సిఫారసు చేసేదీ దాన్నే.

లిబ్రెబూట్ విడుదల ఫైలును అలాగే రాసేస్తే ఎక్స్230 లేవదు. మేనేజ్‌మెంట్ ఇంజన్ ముక్క ఇంటెల్ సొత్తు కాబట్టి, దాన్ని విడుదల ఫైల్లో కలిపి పంచరు. వాడేవారే ఒక కమాండుతో దాన్ని తెప్పించి ఫైల్లో చేర్చాలి. అదే సమయంలో తమ మెషీన్ అసలు మ్యాక్ చిరునామాను కూడా రాసుకోవచ్చు. ఊరూపేరూ లేని బిన్ ఫైలుతో పోయే ఆనవాలు ఇక్కడ నిలబడుతుంది.

మేనేజ్‌మెంట్ ఇంజన్ అన్నది చిప్‌సెట్ లోపల ఉండే ఇంకో చిన్న కంప్యూటర్. ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది. దాని 11వ వెర్షన్ నుంచి లోపల నడిచేది మినిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అని 2017లో బయటపడింది. ఎక్స్200 తరంలో దాన్ని పూర్తిగా తీసేయవచ్చు. తర్వాతి తరాల్లో పూర్తిగా తీసేస్తే మెషీన్ అరగంటలో ఆగిపోతుంది. అందుకే 2016లో నికోలా కోర్నా ‘ఎంఈ క్లీనర్’ రాశాడు. బూట్ కావడానికి అత్యవసరమైన కొన్ని ముక్కలు మాత్రం ఉంచి మిగతావి చెరిపేస్తుంది. ఎక్స్230లో 5 ఎంబీ ఉన్నది వంద కేబీ లోపుకు తగ్గుతుంది. మిగిలిన స్థలం బయోస్‌కు కలిసివస్తుంది.

పూర్తిగా చేతికి రాని భాగాలు ఇంకా ఉన్నాయి. కీబోర్డు, ఫ్యాన్, ఛార్జింగ్ చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్‌లో లెనోవో కోడే ఉంటుంది. ఎక్స్230లో వేరే కంపెనీ బ్యాటరీ పెడితే ఛార్జి చేయనని మొరాయించేది అదే. కోర్‌బూట్ వేసినంత మాత్రాన ఆ సమస్య పోదు. కోర్‌బూట్ వేస్తే పాత లాప్‌టాప్ అన్ని జబ్బులూ నయమవుతాయని చెప్పి కస్టమరు దగ్గర డబ్బు తీసుకుంటే, రెండో రోజే అతను తిరిగొస్తాడు.

ఒడిశాలో ప్రభుత్వ సేవలందించే మోసేవా కేంద్రాలు, ఆధార్ వేలిముద్ర పరికరాలు పెట్టుకున్న సెంటర్ల సంగతి కూడా వేరుగా చూడాలి. ఆ పరికరాలను నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్ కోసమే తయారవుతుంది. కోర్‌బూట్ మీద ఈడీకే2 పెట్టి విండోస్ నడపవచ్చు గానీ, రోజూ జనం క్యూ కట్టే మెషీన్ మీద ప్రయోగం చేయడం సబబు కాదు. ట్యూషన్ మాస్టరు లాప్‌టాప్, డీటీపీ షాపులో రెండో సిస్టమ్, కాలేజీ పిల్లల మెషీన్, ఇవే మొదట మార్చదగినవి.

భద్రత గురించి చెప్పుకోవాలంటే 1999 ఏప్రిల్ 26 నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజు సీఐహెచ్ అనే వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయోస్ చిప్‌లను చెరిపి మెషీన్లను మూలన పడేసింది. అప్పట్నుంచి ఫర్మ్‌వేర్ మీద దాడులు చెరపడం మాని దాక్కోవడం నేర్చుకున్నాయి. 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్, విండోస్‌ను మళ్ళీ వేసినా, డిస్క్ మార్చినా చిప్‌లోనే ఉండిపోతుంది. 2023 డిసెంబరులో బైనార్లీ సంస్థ బయటపెట్టిన లోగోఫెయిల్ లోపాలు ఇంకా విస్తారమైనవి. స్టార్టింగ్‌లో కంపెనీ లోగో చూపించడానికి బొమ్మను చదివే కోడ్‌లోనే రంధ్రాలు ఉన్నాయి. ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్, మూడు పెద్ద బయోస్ కంపెనీల కోడ్‌లోనూ అవి దొరికాయి. కొత్త మెషీన్లకు కంపెనీలు అప్‌డేట్లు ఇస్తాయి. అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన పదేళ్ళ నాటి మెషీన్‌కు ఎవరు ఇస్తారు? మన చేతికి వచ్చేవి ఎక్కువగా అలాంటివే. కోర్‌బూట్‌లో లోపాలుండవని కాదు. దొరికిన లోపాన్ని ఎవరైనా సరిచేయవచ్చు, ఆ సవరణ పాత మోడల్‌కు కూడా అందుతుంది. కంపెనీ సపోర్ట్ ముగిసిన మెషీన్‌కు అలాంటి దారి ఇదొక్కటే.

కరెంటు సమస్య కూడా దీనికి ముడిపడి ఉంది. బయోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయి, లోపల బ్యాటరీ చచ్చి ఉంటే, చిప్‌లో సగం కొత్త కోడ్, సగం పాత కోడ్ మిగులుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లాల కరెంటు లైన్లను పీకేసిన సంగతి ఇక్కడి వాళ్ళు మర్చిపోలేదు. తుఫాను లేని రోజుల్లో కూడా వేసవి గాలివానకు లైన్ పోవడం మామూలే. క్లిప్‌తో రాయడం నేర్చినవాళ్ళకు ఇది పెద్ద గండం కాదు, అసలు కాపీ ఉంటే పది నిమిషాల పని.

ఇంతవరకూ చెప్పినదంతా 2013కు ముందు మెషీన్ల గురించే ఎక్కువ. అసలు అడ్డం ఆ తర్వాత వచ్చింది. ఇంటెల్ 4వ తరం ప్రాసెసర్లతో బూట్ గార్డ్ అనే ఏర్పాటు తెచ్చింది. తయారీదారు తన తాళంచెవి గుర్తును చిప్‌సెట్‌లోని ఫ్యూజుల్లో శాశ్వతంగా కాల్చేస్తాడు. ఆ తర్వాత ఆ చెవితో సంతకం చేయని కోడ్ చిప్‌లో ఉంటే మెషీన్ మొదలే కాదు. దొంగచాటుగా ఫర్మ్‌వేర్ మార్చేవాళ్ళను ఆపడానికి ఇది పనికొస్తుందన్నది నిజమే. కానీ ఆ తాళం తీసే హక్కు కొన్నవాడికి కూడా లేదు, కంపెనీ చేతులెత్తేసిన తర్వాత కూడా లేదు. టీ440పీకి, అంతకుముందు తరాల థింక్‌ప్యాడ్‌లకు ఈ బాధ లేదు. తర్వాతి తరాల థింక్‌ప్యాడ్‌లలో తాళం పడిపోయింది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అంటే 6, 7 తరాల లాప్‌టాప్‌లు కంపెనీల నుంచి పెద్ద ఎత్తున బయటికొస్తున్న కాలం ఇది. మన ఊళ్ళకు చేరబోయేవి అవే, వాటిలో చాలా వాటికి బూట్ గార్డ్ తాళం ఉంది. లినక్స్ వేసుకోవచ్చు, కానీ కింద ఉన్న ఫర్మ్‌వేర్ మాత్రం ఎవరూ పట్టించుకోని పాత కోడే. ఈ తాళానికి ఒక మినహాయింపు థింక్‌ప్యాడ్ టీ480. మేనేజ్‌మెంట్ ఇంజన్‌లో పాజిటివ్ టెక్నాలజీస్ పరిశోధకులు 2017లో కనిపెట్టిన లోపాన్నే వాడుకుని మేట్ కుక్రీ ‘డీగార్డ్’ అనే ప్రోగ్రాం రాశాడు. దానితో 2024 చివర్లో టీ480 మీద లిబ్రెబూట్ నడిచింది. కంపెనీ ఇవ్వవలసిన వీలు ఒక భద్రతా రంధ్రం ద్వారా దొరకడం మంచి పరిస్థితి కాదు. ఏఎండీ మాత్రం 2023లో ఓపెన్‌సిల్ ప్రకటించి, తన ప్రాసెసర్లను సిద్ధం చేసే కోడ్‌ను బహిరంగం చేస్తానంది.

బడులకు, కాలేజీలకు వందల మెషీన్లు కొనేవాళ్ళు టెండరులో ఒక్క వాక్యం చేర్చితే చాలు: సపోర్ట్ ముగిసిన తర్వాత ఫర్మ్‌వేర్ మార్చుకునే అధికారం కొన్నవారికి ఉండాలని. కేరళ బడులు లినక్స్‌కు మారి ఏళ్ళు గడిచాయి, దాని కింది అంతస్తు గురించి అడగడమే మిగిలింది. క్రోమ్‌బుక్‌లకు ఈ వీలు కొంత ఉంది. గూగుల్ వాటిలో ఎక్కువగా వాడుతున్నది కోర్‌బూటే, చాలా మోడళ్ళలో చిప్ మీద రాయనివ్వని రైట్ ప్రొటెక్ట్ తీసేసి వేరే ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు.

నేర్చుకోవడానికి పాత లాప్‌టాప్ కూడా అక్కర్లేదు. కోర్‌బూట్‌ను, కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించే క్యూఎము అనే ఎమ్యులేటర్ కోసం కంపైల్ చేసి, ఏ చిప్ పాడవుతుందన్న భయం లేకుండా స్క్రీన్ మీదే బూట్ చేసి చూడవచ్చు. గుణుపురం, పర్లాకిమిడి ఇంజనీరింగ్ కాలేజీల్లో మినీ ప్రాజెక్టుగా పెట్టుకోదగిన పని ఇది. ఆ విద్యార్థి, బజారులో క్లిప్ పట్టే చెయ్యి తిరిగిన రిపేరు అబ్బాయి ఒక చోట కూర్చుంటే, చాలా షాపుల్లో బిన్ ఫైలు స్థానంలోకి సొంతంగా తయారు చేసిన ఫైలు వస్తుంది.

కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూసి మోసపోవద్దు. డీటీపీ షాపులకు బాగా సరిపోయే డెల్ డెస్క్‌టాప్‌లలో ఆప్టిప్లెక్స్ 7010, 9020 లిబ్రెబూట్ జాబితాలో ఉన్నాయి. వీటిలో బోర్డు మీద రెండు పిన్నులను కలిపే సర్వీస్ జంపర్ పెడితే క్లిప్ లేకుండానే రాసుకోవచ్చు. అయితే జాబితాలోని 7010 అంటే 3వ తరం ప్రాసెసర్‌తో 2012 ప్రాంతంలో వచ్చినది. డెల్ 2023లో 13వ తరం ప్రాసెసర్‌తో ఇంకో మెషీన్‌కు ఇదే 7010 పేరు పెట్టింది, దానికి ఈ ఫైలు పనికిరాదు. విశాఖ వ్యాపారికి ఫోన్ చేసినప్పుడు పేరుతో పాటు ప్రాసెసర్ తరం కూడా చెప్పించుకుని, వీలైతే సిస్టమ్ లేబుల్ ఫోటో పంపమని అడిగిన తర్వాతే డబ్బు పంపాలి.